ఎడమకాలి పని

డాక్టరు గదిలో పచ్చ తెర వెనక నిలబడి కొండక్క తన ప్యాంటు కాలు మోకాలి పైదాకా మడవడానికి నానా తంటాలూ పడుతోంది. యూనిఫారం ప్యాంటు. కుట్టింది మొగుడే. వాపు తగ్గిందని అందరూ అంటున్నారు గానీ ఆ సంగతి గుడ్డకు తెలిసినట్టు లేదు. విసుగొచ్చి చివరికి ప్యాంటు విప్పేసి, నర్సు ఇచ్చిన దుప్పటి నడుముకు చుట్టుకుని బల్ల ఎక్కి పడుకుంది.

కొండ మీదికి వెళ్ళే బస్సు నడుపుతుంది కాబట్టి డిపోలో అందరికీ ఆమె కొండక్క. పెద్దవాళ్ళూ అలాగే అంటారు, చిన్నవాళ్ళూ అలాగే అంటారు. టైలరు మొగుడు కూడా కోపమొస్తే ఆ పేరుతోనే పిలుస్తాడు.

"ఏం పని చేస్తారు?" తెరకవతల డాక్టరు అడుగుతున్నాడు.

"డిపోలో అండి. టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది," అన్నాడు టైలరు.

కొండక్కకు వినిపించింది. అబద్ధం కాదది. ఆ మధ్య ఒకరోజు బస్సు ఆపి కేబిన్లోంచి దిగుతూ తడిసిన సిమెంటు మీద ఎడమకాలు మోపింది. ఒళ్ళు ఒకవైపు తిరిగింది, మోకాలు తిరగకుండా ఉండిపోయింది. లోపల ఎక్కడో టప్పుమంది. అప్పట్నుంచీ ఆమెను కౌంటర్లోనే కూర్చోబెట్టారు. అయినా 'కూర్చుంటుంది' అన్న మాట చెవిలో ఇసుక పడ్డట్టు కరకరలాడింది. 'ఇప్పటి మట్టుకే' అని అరుద్దామనుకుంది. ఈలోగా తెర పక్కకు జరిగింది. దుప్పటి కట్టుకుని పడుకున్న మనిషికి గొంతు పెద్దగా రాదు.

డాక్టరు ఒక చేత్తో తొడ బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో పిక్క పైభాగం పట్టి ముందుకు లాగాడు. ఎముక వదులుగా ముందుకొచ్చింది. అడ్డుకట్ట ఊడిపోయిన సొరుగు లాగినప్పుడు ఎంత దూరమొస్తుందో తెలియక భయం వేస్తుందే, అలా ఉంది. నొప్పి కంటే ఆ వదులుతనమే ఆమెను కంగారుపెట్టింది.

"మోకాల్లో ముందువైపు లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది," అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ. "పిక్క ఎముకను ముందుకు జారకుండా పట్టుకునే తాడు లాంటిది. స్కానింగులోనూ అదే కనిపిస్తోంది. మీరు బట్టలు సర్దుకుని రండమ్మా."

ఆమె ప్యాంటు తొడుక్కుని, ఒంటికాలి మీద కుంటుకుంటూ బయటికొచ్చేసరికి మగవాళ్ళిద్దరూ ఏదో మాట్లాడుకోవడం అయిపోయింది. డాక్టరు మందుచీటీ మీద రాసేస్తున్నాడు.

"మీకు ఆపరేషన్ అవసరం లేదమ్మా. కూర్చుని చేసే పని కదా. తొడ కండరాలు గట్టిపడేలా వ్యాయామాలు చేయిస్తాం. ఇంట్లో తిరగడానికీ, బజారుకెళ్ళి రావడానికీ ఏ ఇబ్బందీ ఉండదు."

"మెట్లు దిగొచ్చా సార్?"

"నెమ్మదిగా, కమ్మీ పట్టుకుని."

టైలరు అప్పటికే లేచి నిలబడి దండం పెట్టేస్తున్నాడు. "చూశావా, కత్తిగాటు తప్పింది," అన్నాడు బయటికొచ్చాక. పెళ్ళివారింటి బట్టలన్నీ ఒక్కరోజు ముందే కుట్టి ఇచ్చేసినప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి మందులు తేవడానికి వెళ్ళాడు.

పక్కన ఒక అబ్బాయి కాలు చాచుకుని కూర్చున్నాడు. పొట్టి నిక్కరు, మోకాలికి పట్టీ. ఫుట్‌బాల్ ఆడతాడట, కాలేజీ జట్టులో. బంతి కోసం తిరుగుతుంటే టప్పుమందట.

"నాకూ టప్పుమంది," అంది కొండక్క.

"ముందు లిగమెంటేనా ఆంటీ?"

"అదే."

"పూర్తిగా తెగిందా?"

"పూర్తిగా."

ఇద్దరూ ఒకే ఊళ్ళో పుట్టామని అప్పుడే తెలిసినవాళ్ళలా నవ్వుకున్నారు. 

"నాకు వచ్చే వారమే ఆపరేషన్. మీకెప్పుడు?"

"నాకు అక్కర్లేదన్నారు."

ఆ అబ్బాయి తల పంకించాడు. మర్యాదస్తుడు. "నాది ఆట కదా ఆంటీ, అందుకని," అన్నాడు.

 కొండక్క తన మోకాలు చూసుకుంది, వాడి మోకాలు చూసింది. ఒకే లిగమెంటు, ఒకేలా తెగింది. ఆట ఆడేవాడికి ఆట ఉంది. తనకేముందని ఎవరూ అడగలేదు. ఆ వరండాలో కూర్చుని ఆమె మొదటిసారి గమనించింది, తనైనా చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆడపడుచు చూడ్డానికొచ్చింది. మంచం అంచున కూర్చుని, కాలు మీద చెయ్యేసి, అన్నగారి వైపు చూసి నవ్వింది.

"వదినా, నువ్విలా ఇంటిపట్టునుంటే మా అన్నయ్య ఒళ్ళు చేశాడే! బుగ్గలు చూడు."

"నా వంట తిని కాదులే, నేను వంట చేయను కదా," అంది కొండక్క.

"వంట ఎవరిక్కావాలి! ఇద్దరూ ఎదురుబొదురు కూర్చుని తింటే నీళ్ళైనా ఒంటబడతాయి."

టైలరు సిగ్గుపడి మిషను మీద లేని దారప్పోగులు ఏరడం మొదలుపెట్టాడు. కొండక్క ఆయన బుగ్గల వైపు చూసింది. నిజమే, నిండాయి. ఆ సంగతి తనకు తెలియకపోవడం చిత్రంగా అనిపించింది.

మర్నాడు కౌంటర్లో కూర్చుంది. అద్దం, అద్దంలో గుండ్రటి కన్నం, కన్నంలోంచి జనం. కన్నం కాస్త కిందుగా ఉంటుంది గాబట్టి అందరూ వంగి మాట్లాడతారు. వంగి మాట్లాడే జనాన్ని చూసి చూసి ఆమెకే మెడ నొప్పి పుడుతోంది.

"అమ్మా, కొండ బస్సు ఎన్నింటికి?" అడిగిందో ముసలామె.

"వచ్చే వేళయింది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. వంతెన దాటాక ఎండ ఎడమవైపు పడుతుంది, కళ్ళల్లో కొడుతుంది. మలుపులు మొదలయ్యాక కుడివైపు లోయలో నీళ్ళు కనిపిస్తాయి. కడుపులో తిప్పితే ముందు సీట్లోకి మారండి, కండక్టరు ఏమీ అనడు."

ముసలామె నోరు తెరుచుకుని విన్నది. "నేను వంతెన దగ్గరే దిగిపోతానమ్మా," అంది.

బస్సు వచ్చింది. కౌంటర్లోంచి కనిపించదు, వినిపిస్తుంది. మలుపు తిరిగేటప్పుడు రెండో గేరు వేయబోయాడు కొత్త డ్రైవరు. గేరు పళ్ళు కరకరా కొరికాయి. కొండక్క కుర్చీలోనే ముందుకు వంగి ఎడమకాలు నేలకేసి నొక్కింది. బూటు కింద నేల నేలలాగే ఉంది. క్లచ్‌లా లోపలికి పోలేదు, తిరిగి పైకి రాలేదు.

ఆ బస్సు మంచిదేమీ కాదు. కిటికీలు లొడలొడలాడతాయి, ఎండాకాలం ఇంజను మూతమీద పెట్టిన నీళ్ళసీసా కాగిపోతుంది. అయినా క్లచ్ మీద ఆమెకో అభిప్రాయముంది. ఆ క్లచ్ సగం దాకా మొండిగా ఉంటుంది, సగం దాటాక ఒక్కసారి మెత్తబడుతుంది. ఆ మెత్తబడే చోటు తెలిసినవాడికే ఆ బస్సు లొంగుతుంది. ఎక్కుడు దారిలో, వెనక ఇంతమంది జనాన్ని పెట్టుకుని, ఆపి మళ్ళీ కదిలించేటప్పుడు ఆ చోటును ఎడమ పాదంతో పట్టుకుని నిలపాలి. బస్సు ఒక్క అంగుళం వెనక్కి పోకుండా ఊపిరి బిగబట్టి, వదిలి, ముందుకు పాకాలి. అదేం గొప్ప పని కాదు, డ్రైవర్లందరూ చేసేదే. కానీ ఆ క్షణంలో బస్సు బరువంతా తన పాదం కింద బతికున్న జంతువులా కదిలేది. ఇప్పుడు ఆమెకు రోజంతా ఆ పాదం ఖాళీగా ఉంటోంది.

భోజనాల వేళ ఆమె కర్ర ఊతంగా వెనక యార్డులోకి వెళ్ళింది. మెకానిక్ ఒక బస్సు కిందనుంచి తల బయట పెట్టాడు. వాడిని అందరూ స్పానర్ అంటారు. నిద్రలో కూడా వాడి జేబులో ఒకటి ఉంటుందని వాళ్ళావిడే చెప్పింది.

"తమ్ముడూ, ఆ గోడ పక్కన బండి ఖాళీగా ఉందా?"

"ఉందక్కా. ఏం?"

"ఒక్కసారి ఎక్కుతాను. కదపను."

స్పానర్ ఆమె కాలు చూశాడు, మొహం చూశాడు. అటూ ఇటూ చూసి చేతులు తుడుచుకుని తలుపు తీశాడు. ఎక్కడం తేలికే, మంచికాలు ముందు వేసి, చేతుల బలంతో. సీట్లో కూర్చోగానే నడుము దానంతటది నిటారుగా అయింది. తాళం తిప్పింది. ఇంజను దడదడమంటూ లేచింది, స్టీరింగు అరచేతుల్లో వణికింది. క్లచ్ నొక్కింది. దీనిదీ అంతే, మొండిగా సగం, ఆ తర్వాత మెత్తగా. కాలు నొప్పెట్టలేదు. వదిలింది, నొక్కింది. కళ్ళు మూసుకుంటే ఎదురుగా గోడ లేదు.

"అక్కా, భోజనం టైం అయిపోతోంది," అన్నాడు స్పానర్ చివరికి, మెల్లిగా.

తాళం తీసింది. దిగడానికి తిరిగింది. మెట్టు మీద ఎడమకాలు వేసి, ఒళ్ళు పక్కకు తిప్పిందో లేదో మోకాలు లోపల గతుక్కుమని జారింది. కాలు తనది కానట్టు, ఎవరిదో తెచ్చి అతికించినట్టు పక్కకు పోయింది. స్పానర్ పట్టుకోకపోతే మొహం సిమెంటుకు తగిలేది.

"ఆఁ... ఏమీ లేదు, ఏమీ లేదు," అంది. వాడి భుజం మీద గ్రీజు మరక ఆమె చొక్కాకంటింది. వాడు వదల్లేదు.

"జారిందక్కా అది. నా చేతికి తెలిసింది."

"తెలుసురా."

"ఇలా జారితే ఎలా నడుపుతావు? ఒకవేళ కొండమీద జారితే?"

ఆమె బస్సు చక్రానికి ఆనుకుని నిలబడింది. "అందుకే బాగు చేయించుకోవాలి," అంది. ఆ మాట పైకి అన్నాకే తాను నిర్ణయించుకున్నట్టు ఆమెకు తెలిసింది.

ఆ మరునాడు సెలవు పెట్టి, మొగుడికి చెప్పకుండా, ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. పేషెంట్లందరూ అయిపోయేదాకా వరండాలో కూర్చుంది. డాక్టరు టీ గ్లాసు పట్టుకుని గదిలోంచి బయటికొస్తూ ఆమెను చూసి ఆగాడు.

"నొప్పెక్కువైందా అమ్మా?"

"లేదు సార్. నేను బస్సు నడుపుతాను. ఆ మాట చెప్పడానికొచ్చాను."

"నడిపేవారు కదూ?"

"నడుపుతాను, సార్."

డాక్టరు గది తలుపు మళ్ళీ తెరిచాడు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. మొదటిసారి బల్లమీద పడుకుని చెప్పలేనిదంతా నిలబడి చెప్పింది. కేబిన్ మెట్టు ఎంత ఎత్తుంటుందో అరచెయ్యి పెట్టి చూపించింది, దిగేటప్పుడు ఒళ్ళెటు తిరుగుతుందో తిరిగి చూపించింది. యార్డులో జరిగింది కూడా దాచలేదు. చివర్న, "వ్యాయామాలు చేస్తే ఈ జారుడు ఆగుతుందా సార్? ఆగుతుందంటే అవే చేస్తాను," అంది.

డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "కొందరికి ఆగుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీకాగేలా లేదు." ఇబ్బందిగా కదిలాడు. "మీరు బట్టలు సర్దుకుంటున్నప్పుడు మీ ఆయన చెప్పారమ్మా, ఇక డ్రైవింగ్ వదిలేశారు, మళ్ళీ బస్సెక్కరు అని. మీరిద్దరూ అనుకునే వచ్చారనుకున్నాను. మిమ్మల్నే అడగాల్సింది. పొరపాటు నాదే."

కొండక్క అప్పుడు కూర్చుంది.

డాక్టరు చెబుతూనే ఉన్నాడు. గాజుగుడ్డ చుట్టలోంచి ఒక పేలిక చింపి నాలుగు మడతలు పెట్టి చూపించాడు. తెగిన లిగమెంటు కుడితే నిలవదు, అందుకని తొడ వెనక కండరాలను ఎముకకు పట్టి ఉంచే సన్నటి తాళ్ళు ఒకటో రెండో తీసి, ఇలా మడతపెట్టి కొత్త తాడు చేస్తామన్నాడు. పై ఎముకలోనూ కింది ఎముకలోనూ రంధ్రం వేసి, దానిగుండా లాగి, రెండు చివర్లా బిగిస్తారు.

"అది మీ ఒంట్లో కలిసిపోయి బతకడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఒక దశ ఉంటుంది, నొప్పి ఉండదు గానీ తాడు మెత్తగా ఉంటుంది. బాగైపోయిందనుకుని జనం అప్పుడే తొందరపడతారు. బస్సు సంగతి ఏడాది దాకా నన్నడక్కండి. ఆ తర్వాతైనా కొండదారి నడపగలరని నేను మాటివ్వలేను."

"అది నేను చూసుకుంటాను సార్. మీరు తాడు బిగించండి," అంది.

టైలరు షాపు ఇంటి ముందుగదే. ఆమె వెళ్ళేసరికి బల్లమీద బూడిదరంగు గుడ్డ పరిచి చాక్‌తో గీత గీస్తున్నాడు. గుమ్మంలో ఆమె నిలబడ్డ తీరు చూసి గీత ఆపలేదు గానీ, స్కేలు లేకుండానే నిటారుగా వచ్చే గీత కాస్త పక్కకెళ్ళింది.

"డాక్టరుతో ఏం చెప్పావు?" అంది కొండక్క.

"ఎప్పుడు?"

"ఏమయ్యా, నాతో ఆడుకుంటున్నావా? నేను ప్యాంటు తొడుక్కుంటున్నప్పుడు."

ఆయన చాక్ ముక్క బల్ల అంచున పెట్టాడు. అది దొర్లి కింద పడింది. తీయలేదు.

"వదిలేసిందని చెప్పాను."

"ఎవరు వదిలేశారు? నేను వదిలేశానా? కల్లో ఏమైనా చెప్పానా నీకు?"

"లేదు."

"మరి?"

టైలరు మిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు. పాదాలు అలవాటుగా పెడలు మీదికి వెళ్ళాయి, తొక్కలేదు. "పొద్దుగూకేసరికి నేను మిషను ఆపేస్తాను," అన్నాడు. "నీకు తెలీదు, నువ్వప్పటికి రావు గనక. వీధి మొదట్లో నీ బూట్ల చప్పుడు వినిపించేదాకా కుట్టు తిన్నగా పడదు నాకు. వానొస్తే ఇక చెప్పక్కర్లేదు. ఎవడో ప్యాంటు కొలత ఇవ్వడానికొచ్చి, కొండమీద మంచు కమ్మేసిందట అంటాడు మామూలుగా. వాడి నడుం కొలత రెండుసార్లు తీస్తాను, అయినా తప్పు రాస్తాను. నువ్వొచ్చి కాళ్ళు కడుక్కుని, తిని, పడి నిద్రపోతావు. నేను నీ ఊపిరి వింటూ పడుకుంటాను. నువ్వు కౌంటర్లో కూర్చున్నప్పట్నుంచీ నాకు నిద్ర పడుతోందే."

ఆమె ఇదంతా ఎప్పుడూ వినలేదు. అయినా కోపం దిగలేదు. కోపం పక్కనే ఇంకోటేదో వచ్చి నిలబడింది, అంతే.

"నాతో అనొచ్చుగా ఈ మాట."

"అంటే నవ్వేదానివి."

ఆమె ఆలోచించింది. "నవ్వేదాన్నే," అంది. "నవ్వినా చెప్పాల్సింది. నీ నిద్ర కోసం నా కాలు అమ్మేస్తావా? నన్నడక్కుండా, తెర వెనక పెట్టి?"

ఆయన తలెత్తలేదు.

"ఆపరేషన్ చేయించుకుంటున్నాను," అంది. "నీకిష్టమైతే రా. లేకపోతే స్పానర్ వస్తాడు."

ఇంట్లోకి వెళ్ళేటప్పుడు, కర్ర గుమ్మానికి తగిలి పెద్దగా చప్పుడైంది. ఆ సాయంత్రమంతా ముందుగదిలో మిషను తిరగలేదు.

ఆపరేషన్ రోజున టైలరు వచ్చాడు. మాట్లాడకుండానే వచ్చాడు, మాట్లాడకుండానే సంచీ మోశాడు, లిఫ్టులో ఆమె పక్కన కాకుండా ఎదురుగా నిలబడ్డాడు. స్ట్రెచర్ తోసేవాడు లోపలికి తీసుకెళ్ళబోతుంటే మాత్రం దుప్పటి అంచు సర్దాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

నడుముకు ఇచ్చిన ఇంజెక్షన్‌తో కింది సగం మాయమైపోయింది. తల మాత్రం తెలివిగా ఉంది. తెర అవతల ఇనుప సామాను చప్పుళ్ళు, ఎవరో కాలెత్తుతున్నారు, అది తన కాలని తెలుసు గానీ బరువు తెలియడం లేదు. తర్వాత డ్రిల్లు మోగింది.

"భయంగా ఉందా అమ్మా?" అడిగాడు డాక్టరు తెర మీదుగా.

"లేదు సార్. మా డిపో డ్రిల్లు కంటే మెత్తగా తిరుగుతోంది. బేరింగులు మంచివి."

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. కొండక్క కూడా నవ్వింది. నవ్వుతుంటేనే కంటి కొసల్నుంచి నీళ్ళు చెవుల్లోకి దిగాయి. ఆ క్షణాన తన తొడలోంచి తీసిన తాడు ఎక్కడో పళ్ళెంలో ఉంది, ఇంకా మోకాల్లో భాగం కాలేదు. తనది ఒంటికి బయట ఉండి, తిరిగి లోపలికి రావడానికి ఎదురుచూడ్డం అంటే ఏమిటో ఆమెకు తెలుసనిపించింది.

వార్డులోకి తెచ్చాక కాలి వేళ్ళు కదలడానికి చాలాసేపు పట్టింది. టైలరు మంచం కాళ్ళవైపు కూర్చుని బొటనవేలినే చూస్తున్నాడు. అది కదిలినప్పుడు నర్సును పిలిచాడు, తనే కనిపెట్టినట్టు. తర్వాత సంచీలోంచి ఒక పైజమా తీశాడు. ఎడమకాలు కుట్టంతా విప్పి, తొడనుంచి మడమదాకా గుండీలు కుట్టాడు, కాజాలతో సహా. కట్టు మీదుగా తొడగడానికి, లాగకుండా విప్పడానికి.

"ఎప్పుడు కుట్టావు?" అంది. వారంలో ఆయనతో ఆమె అన్న మొదటి మాట అదే.

"కుట్టాను," అన్నాడు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఫిజియో అమ్మాయి వచ్చి వ్యాయామాలు నేర్పి వెళ్ళింది. చిన్నపిల్ల, తియ్యగా మాట్లాడుతుంది, జాలి మాత్రం లేదు. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలు పూర్తిగా చాచాలి. తర్వాత కాలికి మేజోడు తొడిగి, మంచం మీద ప్లాస్టిక్ షీటు పరిచి, దానిమీద మడమ జార్చుకుంటూ కాలు ముడవాలి. రోజూ కాస్త ఎక్కువ. ఎవరైనా మడమ దగ్గర చెయ్యి ఆసరా ఇవ్వాలి. 

ఆసరా ఇచ్చేది టైలరు. మొదటి రోజుల్లో కొండక్క పళ్ళు బిగబట్టి చేసింది. మోకాలు లోపల ఎండిన తోలు వంచినట్టుండేది. తొడ కండరం బిగించమంటే బిగుసుకునేదే కాదు. ఎంత ఆజ్ఞాపించినా కదలకుండా పడి ఉన్న కండను చూస్తే ఆమెకు దిగులేసేది. ఇంత పెద్ద బస్సును మాట వినిపించింది, అరచేతిమందం కండ వినడం లేదు.

ఒక మధ్యాహ్నం బయట ఎండ కాస్తోంది. వీధిలో ఎవరో బండి తోసుకుపోతున్నారు. మడమ నిన్నటి చోటు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొంచెం లాగింది. మోకాలు చుట్టూ నిప్పంటుకున్నట్టయింది. ఆమె చెయ్యి మంచం పట్టెను కొట్టింది.

"చాలు," అంది. "ఇక నావల్ల కాదు."

"కాస్త ఆగి చెయ్యి."

"ఆగి కాదు. అసలే వద్దు." ఆమె దిండు మీద తల వెనక్కి వాల్చింది. మొహమంతా చెమట. "నువ్వన్నదే నిజం. కౌంటర్లోనే కూర్చుంటాను. ఇంట్లో తిరగడానికి ఈ మాత్రం కాలు సరిపోతుంది. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చేస్తాను రోజూ. నీ మిషను ఆగదు, నీ నిద్ర చెడదు. నీక్కావలసిందదేగా? తీసుకో. ఇచ్చేశాను."

టైలరు మడమ పట్టుకునే ఉన్నాడు. ఆయన మొహంలో ఒక్కసారి ఏదో వెలిగింది. ఆమె చూసింది. బుగ్గల దాకా వచ్చిన ఆ వెలుగును ఆయన ఎలా ఆర్పేశాడో కూడా చూసింది. పెదవులు లోపలికి మడిచి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేసే మొహం పెట్టాడు.

"మడమ ఇటు లాక్కో," అన్నాడు.

"వినిపించలేదా నేనన్నది?"

"వినిపించింది. నొప్పిలో ఉన్న మనిషి దగ్గర మాట తీసుకోను నేను. ఒకసారి నీ మాట నేను చెప్పేశాను, చాలు. అది నాకు ఇంకా అరగలేదు." జారిన మేజోడు పైకి లాగాడు. "కాలు బాగయ్యాక, ఆ బస్సు ముందు నిలబడి, వద్దు అని నువ్వు చెప్పు. అప్పుడు తీసుకుంటాను. చేతులు చాపి తీసుకుంటాను. ఇప్పుడు కాదు."

 ఆయన తన అరచెయ్యి ఆమె పాదం కింద పెట్టాడు.

"బండి తియ్యి," అన్నాడు.

"ఏం బండి?"

"నీ బస్సే. డిపోలోంచి బయటికి తియ్యి. ఇదిగో, ఇది క్లచ్ అనుకో."

"పిచ్చిగానీ పట్టిందా నీకు?"

"తియ్యవే. ఎప్పుడూ చూళ్ళేదు నేను, ఆ దారి ఎలా ఉంటుందో."

నిజమే. ఆయనెప్పుడూ ఆ బస్సెక్కలేదు. ఎక్కమని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు.  కొండక్క పాదంతో ఆయన అరచేతిని నెమ్మదిగా నొక్కింది. చెయ్యి కాస్త వెనక్కి తగ్గింది.

"గేటు దాటగానే ఎడమకు తిరగాలి," అంది. "అక్కడ ఎప్పుడూ ఒక లారీ అడ్డంగా ఉంటుంది."

"హారన్ కొట్టు."

"కొడితే వింటాడా! దిగొచ్చి తిట్టాలి. మా కండక్టరు తిడతాడు." మడమ ప్లాస్టిక్ మీద ఇటువైపు జరిగింది. "తర్వాత బజారు. రెండో గేరులోనే పోవాలి, జనం చూసుకోరు. అబ్బా... ఆగు. వంతెన దగ్గర ఆపుతాం, చాలామంది అక్కడే దిగిపోతారు. ఆ తర్వాత బస్సు తేలికవుతుంది. చప్పుడు మారుతుంది."

"ఊఁ."

"ఎక్కుడు మొదలవుతుంది. మలుపు. గేరు మార్చాలి." పాదం నొక్కింది, వదిలింది. నొప్పికి గొంతు సన్నబడింది గానీ ఆగలేదు. ఒక్కో మలుపుకు మడమ ఇంకాస్త దగ్గరికొస్తోంది. రాళ్ళు జారిపడే చోటు చెప్పింది, ఎదురుగా వచ్చే బండికి దారివ్వడానికి ఎక్కడ ఒదిగి ఆగాలో చెప్పింది. ఆయన ప్రతి మలుపుకూ తనూ కాస్త పక్కకు ఒరుగుతున్నాడు, తెలియకుండానే. ఆమె మోకాలు నిన్నటి చోటు దాటిపోయిన సంగతి ఇద్దరిలో ఎవరూ అనలేదు.

"పైకి చేరాం," అంది చివరికి, ఆయాసంగా.

"పైన ఏముంది?"

"ఏముంటుంది! బస్సు తిప్పుకునే జాగా. ఒక బెంచీ. గాలి. ఇంజను ఆపేసి కాసేపు కూర్చుంటాను, మళ్ళీ దిగే వేళ దాకా."

"ఆ కాసేపూ ఏం చేస్తావు?"

 కిటికీలోంచి వచ్చిన ఎండ పైజమా గుండీల మీద పడుతోంది. ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాని సంగతి అది. మాటల్లో పెట్టాలంటే సిగ్గుగా ఉంది.

"అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది," అంది. "ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, గోళీలు పోసినట్టు. మన వీధి ఎక్కడుందా అని వెతుకుతాను. బజారు పట్టుకుంటాను, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ వస్తాను... రోజూ చూస్తాను. ఎప్పుడూ దొరకలేదు."

టైలరు చెయ్యి ఆమె పాదం కింద కదలకుండా ఉంది. తల వంచి, మోకాలి మీద కట్టు అంచు రెండో చేత్తో సర్దాడు.

"దిగేటప్పుడు కూడా గేర్లోనే దిగాలా?" అన్నాడు.

"ఆఁ. తొందరపడకూడదు," అంది ఆమె. పాదంతో ఆయన అరచేతిని నొక్కి, మడమను మెల్లిగా ముందుకు జార్చడం మొదలుపెట్టింది.